గ్రంథస్వామ్యం ఎవరిది?

1

కిందటి వేసవిలో, మా బడిలో చదివి ఇప్పుడు డీఎస్సీకి తయారవుతున్న ఒక అమ్మాయి నన్ను చూడడానికి ఇంటికి వచ్చింది. మాటల మధ్యలో, "సార్, మీ పుస్తకం పీడీఎఫ్ మా టెలిగ్రామ్ గ్రూపులో ఉంది. అందరం అదే చదువుతున్నాం" అని సంతోషంగా చెప్పి ఫోను తీసి చూపించింది. పన్నెండేళ్ల కిందట ప్రావిడెంట్ ఫండులో అప్పు తీసుకుని 500 ప్రతులు అచ్చువేయించుకున్న నా విమర్శ వ్యాసాల సంపుటి అది. అందులో 300 ప్రతులు ఈనాటికీ మా అటక మీద కట్టలు విప్పకుండానే ఉన్నాయి. ఫోనులో ఉన్న పుస్తకానికి అట్ట లేదు. లోపలి పేరు పుట లేదు. "సర్వహక్కులు రచయితవి" అన్న పుట కూడా లేదు. "మరి ఇది నాదని నీకెలా తెలిసిందమ్మా?" అని అడిగాను. "మీరు క్లాసులో చెప్పిన మాటలే కదా సార్" అంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఇంకొక సంగతి తెలిసింది. పోటీ పరీక్షల గైడ్లు వేసే ఒక ప్రచురణ సంస్థ అదే పీడీఎఫ్‌లోంచి నా వ్యాసాలు నాలుగింటిని ఎత్తి, శీర్షికలు మార్చి, ఎవరి పేరూ లేకుండా తన పుస్తకంలో వేసుకుని మంచి ధరకు అమ్ముకుంటున్నది.

మొదటి సంగతికి నాకు కలిగిన కోపం ఒక రాత్రిలో చల్లారింది. రెండో దాని మీద కోపం ఈనాటికీ తగ్గలేదు. చట్టం దృష్టిలో రెండూ అనుమతి లేని నకళ్లే. అయినా రెండూ ఒకటి కావని నాకెందుకు అనిపించింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ నేను చదివిన చరిత్రను సాటి రచయితల ముందు, సాహిత్య విద్యార్థుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇంతకు ముందే ఒక మాట ఒప్పుకోవాలి. నేను కూడా నకళ్ల మీద బతికినవాణ్ణే. ఆ సంపుటిలోని వ్యాసాలకు ఆధారమైన పాత పుస్తకాల్లో సగం నేను కొన్నవి కావు. గ్రంథాలయాల్లో జిరాక్సు తీయించుకున్నవి, ఇంటర్నెట్ నుంచి దింపుకున్నవి.

2

తాళపత్రాల కాలంలో మనకు గ్రంథస్వామ్యం అనే చట్టం లేదు. కాని కావ్యానికి ఒక యజమాని ఉండేవాడు. అతణ్ణి మన వాళ్లు కృతిభర్త అన్నారు. కావ్యాన్ని కన్యగా, కవిని కన్యాదాతగా, అంకితం పుచ్చుకునే రాజును భర్తగా భావించిన ఈ పరిభాషలో భూస్వామ్య సమాజపు ఆస్తి సంబంధాలూ స్త్రీపురుష సంబంధాలూ రెండూ బయటపడుతున్నాయి. కవికి దక్కే ప్రతిఫలం ఒక్కసారే. అది అగ్రహారమో కనకాభిషేకమో ఏదైనా కావచ్చు. ఆ తర్వాత కావ్యాన్ని ఎంతమంది ఎన్నిసార్లు ఎత్తిరాసుకున్నా కవికి నష్టం లేదు, రాజుకు అంతకన్నా లేదు. నకళ్లు పెరిగినకొద్దీ ఇద్దరి కీర్తీ పెరుగుతుంది. కనుకనే నకలును నేరంగా చూడవలసిన అవసరం ఆ ఉత్పత్తి విధానానికి రాలేదు.

అయితే కర్తృత్వం గురించి మాత్రం ఆనాటి కవులు చాలా పట్టుదలగా ఉన్నారు. ప్రబంధాల్లో ప్రతి ఆశ్వాసం చివరా గద్యలో కవి తన పేరు, తండ్రి పేరు చెప్పుకుంటాడు. క్షేత్రయ్య పదాలకు ముద్ర ఉంది. వేమన పద్యానికి మకుటం ఉంది. ఎవరు పాడుకున్నా, ఎవరు రాసుకున్నా పేరు మాత్రం పద్యంతోనే ప్రయాణం చేసే ఏర్పాటు ఇది. పదో శతాబ్ది ప్రాంతం వాడైన రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో శబ్దహరణం, అర్థహరణం గురించి అధ్యాయాలే రాశాడు. ఎంతవరకు గ్రహణమో, ఎక్కడినుంచి చౌర్యమో తేల్చడానికి ఆయన చేసిన వర్గీకరణ చూస్తే, నకలు వేరు, దొంగతనం వేరు అన్న వివేకం మన కావ్యశాస్త్రానికి ఎప్పటినుంచో ఉందని అర్థమవుతుంది.

ఇది చూసి ఆ కాలాన్ని స్వర్ణయుగమని పొగడవలసిన పనిలేదు. నకలు మీద నిషేధం లేని ఆ సమాజంలోనే చదువు మీద నిషేధం ఉంది. తాటాకు కట్ట ఎవరి ఇంట్లో ఉంటుంది, దాన్ని ముట్టుకునే అర్హత ఎవరికుంది అన్నది కులం నిర్ణయించింది. జనం నోట బతికిన వేమన 1829లో బ్రౌను దొర పూనికతో మద్రాసులో అచ్చులోకి రావడం, తాటాకు మీద ఆ గుత్తాధిపత్యం సడలడానికి ఒక గుర్తు. అచ్చుయంత్రం పుస్తకాన్ని కులం గుప్పిటి నుంచి కొంతవరకు విడిపించింది. విడిపించి, సరుకుగా మార్చింది.

3

కాపీరైటు అనే భావన పుట్టింది ఆ సరుకు కోసమే. దాన్ని రచయితలు పోరాడి తెచ్చుకున్నారని చాలామంది అనుకుంటారు. చరిత్ర వేరుగా చెబుతున్నది.

ఇంగ్లండులో 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్స్ కంపెనీ అనే పుస్తక వ్యాపారుల సంఘం అచ్చు మీద గుత్తాధిపత్యం సంపాదించింది. రాజుకు కావలసింది తనకు వ్యతిరేకమైన రాతలు బయటికి రాకుండా చూడడం. వ్యాపారులకు కావలసింది పోటీ లేకుండా అమ్ముకోవడం. ఈ రెండు అవసరాల పొత్తులో రచయితకు చోటు లేదు. 1695లో లైసెన్సింగ్ చట్టం గడువు తీరి, ఆ ఏర్పాటు కూలిపోయినప్పుడు వ్యాపారులు పార్లమెంటు తలుపు తట్టారు. తమ లాభం పోతున్నదని చెబితే ఎవరూ వినరు కాబట్టి రచయితల కష్టం పోతున్నదన్నారు. 1710లో అమల్లోకి వచ్చిన ఆన్ రాణి చట్టం హక్కును మొదటిసారిగా రచయిత పేరున రాసింది. గడువు 14 ఏళ్లు, అప్పటికి రచయిత బతికి ఉంటే మరో 14 ఏళ్లు. కాని రాతప్రతి అచ్చు కావాలంటే రచయిత ఆ హక్కును వ్యాపారికి అమ్ముకోక తప్పదు. హక్కు రచయిత పేరు మీదుగా పోయి వ్యాపారి పెట్టెలో పడింది.

గడువు తీరిన పుస్తకాలను లండన్ వ్యాపారులు వదులుకోలేదు. సహజన్యాయం ప్రకారం తమ హక్కు శాశ్వతమని వాదించారు. ఎడింబరోలో అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ అనే పుస్తక వ్యాపారి అటువంటి పుస్తకాలను చౌకగా అచ్చువేసి అమ్మాడు. లండన్ వ్యాపారుల దృష్టిలో అతను దొంగ. జేమ్స్ థామ్సన్ రాసిన ఋతువుల కావ్యం విషయంలో వచ్చిన వ్యాజ్యం ప్రభువుల సభ దాకా పోయింది. థామ్సన్ చనిపోయింది 1748లో. వ్యాజ్యం తేలింది 1774లో. శాశ్వత హక్కు లేదని సభ తీర్పు చెప్పింది. ఆనాడు దొంగ అనిపించుకున్నవాడే గెలిచాడు. పాత సాహిత్యం చౌక ప్రతుల్లో సామాన్య పాఠకుడికి అందే దారి పడింది.

ఇంకో ఉదాహరణ. 1842లో డికెన్స్ అమెరికా పర్యటనకు పోయినప్పుడు, తన నవలలను ఒక్క డాలరు ఇవ్వకుండా అక్కడ అచ్చువేసుకుంటున్నారని మొరపెట్టుకున్నాడు. అక్కడి పత్రికలు అతన్ని డబ్బు మనిషి అని ఎద్దేవా చేశాయి. 1790 నాటి అమెరికా చట్టం స్వదేశీ రచయితలకే రక్షణ ఇచ్చింది. 1891 దాకా విదేశీ రచయితకు అక్కడ హక్కు లేదు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో అమెరికా చేరింది 1989లో. అంటే, సొంత ప్రచురణ పరిశ్రమ ఎదగవలసిన శతాబ్దమంతా పక్కవాడి పుస్తకాన్ని ఉచితంగా వాడుకున్న దేశం, ఎదిగిన తర్వాత ప్రపంచానికి కాపీరైటు నీతులు బోధించింది. నీతి మారలేదు, ప్రయోజనం మారింది.

4

మన దేశానికి ఈ చట్టం ఈస్టిండియా కంపెనీ వెంట 1847లో వచ్చింది. 1867లో పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చి, అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి చూపించాలన్నది. 1857 తిరుగుబాటు ముగిసి పదేళ్లయినా కాని ఆ రోజుల్లో ఈ ఏర్పాటు వెనుక ఉన్నది సాహిత్యాభిమానం ఒక్కటే కాదని వేరే చెప్పనక్కరలేదు. 1914 చట్టం బ్రిటిషువారి 1911 చట్టానికి నకలు. కాని అందులో ఒక మంచి మినహాయింపు ఉంది. మూలం అచ్చయిన పదేళ్లలోగా ఒక భాషలోకి అనువాదం రాకపోతే, ఆ భాషలోకి అనువాదం మీద రచయితకున్న ప్రత్యేక హక్కు పోతుంది. బహుభాషల దేశంలో సాహిత్యం ఒక భాష నుంచి ఇంకో భాషకు నడవాలంటే హక్కుకు ఒక హద్దు ఉండాలని పరాయి ప్రభుత్వం కూడా గుర్తించక తప్పలేదు.

స్వతంత్రం వచ్చిన తర్వాత జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది సుబ్రహ్మణ్య భారతిది. 1921లో పేదరికంలో చనిపోయిన ఆ కవి పాటలను రేడియోలోనూ గ్రామఫోను రికార్డుల్లోనూ వాడుకునే హక్కు చేతులు మారి ఒక సినిమా నిర్మాత వద్దకు చేరింది. స్వాతంత్ర్యోద్యమంలో జనం పాడుకున్న పాటలకు ఒక వ్యాపారి సొంతదారు కావడమేమిటని తమిళ రచయితలు ఆందోళన లేవనెత్తారు. నిర్మాత తన హక్కు వదులుకున్నాడు. 1949లో మద్రాసు ప్రభుత్వం భారతి రచనల హక్కును స్వాధీనం చేసుకుంది, ఆ తర్వాత వాటిని ప్రజలకే వదిలిపెట్టింది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆనాడు ఆ రాష్ట్రంలోనివే. రచయితలు సంఘటితంగా అడిగితే ప్రభుత్వం ఒక కవిని జనానికి తిరిగి ఇచ్చిన సందర్భమిది.

రెండోది రవీంద్రుడిది. 1957 చట్టం ప్రకారం రచయిత మరణించాక 50 ఏళ్ల వరకు హక్కు ఉండేది. ఠాగూరు 1941లో చనిపోయాడు కనుక 1991 చివరికి ఆయన రచనలు అందరివీ కావాలి. సరిగ్గా ఆ గడువు ముంచుకొచ్చిన వేళ ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం సవరించి, గడువును 60 ఏళ్లకు పొడిగించారు. విశ్వభారతి చేతిలో హక్కు ఇంకో పదేళ్లు ఉంది. ఒక సంస్థ కోసం చేసిన సవరణ దేశంలోని రచయితలందరికీ వర్తించింది. దాని ఫలితంగా ఈ రోజు చలం రచనలు 2039 చివరి దాకా, కుటుంబరావు రచనలు 2040 చివరి దాకా, శ్రీశ్రీ రచనలు 2043 చివరి దాకా కాపీరైటులో ఉంటాయి. వారసులు శ్రద్ధ గలవారైతే మంచిదే. వారసులెవరో తెలియని రచయితల గతి ఏమిటి? మరుముద్రణకు నోచని వందల పుస్తకాలను అచ్చువేయడానికి ప్రచురణకర్త జంకుతాడు, స్కాన్ చేయడానికి గ్రంథాలయం జంకుతుంది. ఈలోగా చెదలు మాత్రం ఎవరి అనుమతీ అడగవు.

5

ఇక ఇంటర్నెట్ యుగం. తాటాకు నకలుకు నెలలు పట్టేది. అచ్చు నకలుకు పెట్టుబడి కావాలి. ఫోనులో నకలుకు ఒక వేలి కదలిక చాలు, ఖర్చు లేదు, మూలానికీ నకలుకూ తేడా లేదు. ఈ సాంకేతిక మార్పు మంచికీ చెడుకూ ఒకేసారి తలుపు తెరిచింది.

మంచి ఏమిటో నాకు స్వయంగా తెలుసు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ పథకం కింద వేల తెలుగు పుస్తకాలు స్కానయ్యాయి. జిల్లా కేంద్రానికి యాభై మైళ్ల దూరంలో పనిచేసే నాలాంటి బడిపంతులు పాత పత్రికల సంచికలు చూడగలిగింది దానివల్లనే. కాపీరైటు అభ్యంతరాల నడుమ 2017 నాటికి ఆ సైటు మూతపడింది. అప్పటికే కొందరు ఔత్సాహికులు ఆ పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి ఉండకపోతే, తెలుగు పరిశోధన ఇరవై ఏళ్లు వెనక్కి పోయి ఉండేది. మన తరం చదువుకున్న మాస్కో తెలుగు పుస్తకాలు కూడా అంతే. ప్రచురించిన దేశమే లేదు, ప్రచురణాలయాలు మూతపడ్డాయి. అభిమానులు స్కాన్ చేసిన ప్రతులే మిగిలాయి.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఒక జిరాక్సు దుకాణం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి ప్రచురణ సంస్థలు 2012లో వ్యాజ్యం వేశాయి. పాఠ్యభాగాలను కలిపి కుట్టి విద్యార్థులకు అమ్మడమే అభియోగం. విద్యాబోధనకు చట్టం ఇచ్చిన మినహాయింపు దీనికి వర్తిస్తుందని 2016లో హైకోర్టు చెప్పింది. 2017లో ప్రచురణకర్తలు వ్యాజ్యం విరమించుకున్నారు. ప్రచురణకర్తల పక్షాన కాక విద్యార్థుల పక్షాన నిలబడిన రచయితలు కూడా ఆ సమయంలో ఉన్నారన్నది మనం గుర్తుంచుకోవాలి.

చెడు సంగతి. 2013లో 'అత్తారింటికి దారేది' సినిమా విడుదలకు ముందే సగానికి పైగా బయటికి పొక్కింది. ఆ తర్వాత పైరసీ సైట్లు పెద్ద వ్యాపారాలయ్యాయి. 2025 నవంబరులో అటువంటి ఒక తెలుగు సైటుకు సంబంధించి హైదరాబాదు పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసినప్పుడు, మా స్టాఫు రూములో కూడా అతనిపై సానుభూతి వినబడింది. టికెట్టు ధర చూసిన మామూలు కుటుంబీకుడికి ఆ సానుభూతి కలగడం సహజమే. కాని ఉచితంగా సినిమా చూపించేవాడు దాత కాదు. ఆ సైటు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిందని పోలీసుల ఆరోపణ. ప్రేక్షకుడు టికెట్టు కొనకపోయినా, ప్రేక్షకుణ్ణే ఎవరో కొంటున్నారన్న మాట. దీన్ని పేదవాడి తిరుగుబాటు అని పిలిచేవారు ఉన్నారు. నేను పిలవలేను.

అలాగని నిర్మాత గోడు రచయిత గోడు ఒకటే అని కూడా అనలేను. సినిమా పాట రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ వాటి మీద హక్కు లేదని, డబ్బిచ్చి రాయించుకున్న నిర్మాతదే హక్కు అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు. ముప్పై అయిదేళ్లు చట్టబద్ధంగానే పాటల రచయితలు తమ పాటకు పరాయివాళ్లయ్యారు. జావేద్ అఖ్తర్ వంటివారి పట్టుదలతో 2012లో చట్టం మారింది. సినిమా హాలు బయట పాట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయిత వాటాను ఏ ఒప్పందమూ లాగేసుకోలేదని రాసుకున్నారు. నకలు దొంగ పట్టుకుపోయింది ఎంతో, ఒప్పందం కాగితం పట్టుకుపోయింది ఎంతో లెక్క తీసినవారు లేరు.

ఇప్పుడు మూడో రకం కూడా వచ్చింది. కృత్రిమ మేధ యంత్రాలకు శిక్షణ కోసం దొంగప్రతుల గ్రంథాలయాల నుంచి లక్షల పుస్తకాలు దింపుకున్నారని అమెరికాలో వ్యాజ్యాలు పడ్డాయి. ఆంత్రోపిక్ అనే కంపెనీ 2025 సెప్టెంబరులో 150 కోట్ల డాలర్లు చెల్లించడానికి రాజీ కుదుర్చుకుంది. అందులో వాటా అమెరికా కాపీరైటు కార్యాలయంలో నమోదైన పుస్తకాలకే. మన ఊళ్లో అచ్చయిన కథల సంపుటి అక్కడ నమోదై ఉండదు కనుక, దాన్ని వాడుకున్నారో లేదో అడిగే వీలు కూడా ఆ రచయితకు లేదు. ఒక విద్యార్థి పుస్తకం దింపుకుంటే పైరసీ, కోట్ల పెట్టుబడి దింపుకుంటే ఆవిష్కరణ అనే భాష తయారవుతున్నది. ఈ భాషను మనం ఒప్పుకోకూడదు.

6

ఇంత చరిత్ర చూశాక నా మొదటి ప్రశ్నకు జవాబు దొరికిందనుకుంటున్నాను. కాపీరైటు అన్న ఒక్క మాటలో రెండు వేర్వేరు హక్కులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి శ్రమ చేసినవాడి హక్కు: తన పేరు, తన పాఠం చెడకుండా ఉండడం, తన రచన మీద ఎవరైనా సంపాదిస్తే అందులో వాటా. రెండోది ఆ శ్రమను కొనుక్కున్నవాడి ఆస్తి. మూడు వందల ఏళ్లుగా రెండోది మొదటిదాని ముసుగు వేసుకుని కోర్టుకు వస్తున్నది. పైరసీ వ్యాపారి కూడా పాఠకుడి పేదరికాన్ని అదే విధంగా ముసుగు వేసుకుంటున్నాడు. అభ్యుదయ రచయిత నిలబడవలసింది శ్రమ పక్షాన, పాఠకుడి పక్షాన. ఈ రెండింటికీ మధ్య నిజానికి వైరం లేదు. నా పుస్తకం చదివిన ఆ అమ్మాయి నా నుంచి ఏమీ తీసుకుపోలేదు. అటక మీది కట్టలు చేయలేని పని ఆ పీడీఎఫ్ చేసింది. గైడు వేసినవాడు మాత్రం నా శ్రమను అమ్ముకున్నాడు, నా పేరు చెరిపాడు.

మన చేతిలో ఉన్న పనులు కొన్ని ఉన్నాయి. హక్కు బదిలీ రాతపూర్వకంగా లేకపోతే చెల్లదనీ, ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే పరిమితమనీ చట్టంలోని 19వ సెక్షను చెబుతున్నది. హక్కు అమ్ముకున్న తర్వాత కూడా తన కర్తృత్వాన్ని చాటుకునే హక్కు, రచనను వికృతం చేస్తే అడ్డుకునే హక్కు రచయితకే ఉంటాయని 57వ సెక్షను చెబుతున్నది. ఆశ్వాసాంత గద్యలో మన పూర్వకవులు అడిగింది కూడా ఈ పేరునే. ఎంతమంది తెలుగు రచయితలకు ఈ రెండు సెక్షన్లు తెలుసు? రచయితల సంఘాలు సభల్లో శాలువలతో పాటు ఒక నమూనా ఒప్పంద పత్రాన్ని కూడా పంచిపెడితే బాగుంటుంది. మరుముద్రణ లేని పుస్తకాలను, రచయితల, వారసుల అనుమతి సంపాదించి, పేరు పుటలతో సహా మనమే స్కాన్ చేసి పాఠకుల ముందు పెట్టాలి. దొంగప్రతికి సరైన జవాబు, నిజమైన ప్రతిని అందుబాటులో ఉంచడమే.

నా వంతు పని నేను మొదలుపెట్టాను. అట్ట, పేరు పుట, తప్పొప్పుల పట్టికతో సహా నా పుస్తకం స్కాన్ చేసి ఆ అమ్మాయికి పంపాను. ఎవరైనా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్మకూడదు, పేరు తీసేయకూడదు అని మొదటి పుటలో రాశాను. గ్రూపులో పాత ఫైలు తీసేసి ఇది పెట్టామని ఆమె కబురు చేసింది. గైడు వేసిన సంస్థకు వకీలు చేత నోటీసు ఇప్పించాను. నాలుగు నెలలైంది, జవాబు రాలేదు. వాళ్లు ఇవ్వవలసిన డబ్బు నాలుగు వ్యాసాలకు ఎంతో ఉండదని వకీలే చెప్పాడు. డబ్బు సంగతి కోర్టు చూసుకుంటుంది, నా పేరు నాకు కావాలని ఆయనకు చెప్పాను.